విశ్రాంతి యొక విద్య

"తీరిక లేదు" అనుమాట నేడు మన దేశమున నొక గౌరవచిహ్నమైనది. ఇద్దరు పెద్దమనుష్యులు రైలులోనో పెండ్లిపందిటిలోనో కలిసికొన్నచో, కుశలప్రశ్నలు ముగియకమున్నే ఒకరికంటె నొకరు మిన్నగా తమ తీరికలేమిని చాటుకొందురు. ఒకరికి వ్యాజ్యములు, ఒకరికి వ్యాపారము, మరియొకరికి పిల్లల చదువులు. పది దినములనుండి కంటికి కునుకు లేదని చెప్పువాని ముఖమున బాధతోపాటు కొంత గర్వముకూడ కానవచ్చును. హాయిగా నిద్రించితినని గాని, గంటసేపు ఊరక కూర్చుంటినని గాని చెప్పుకొనుటకు మాత్రము ప్రతివాడును సిగ్గుపడును. విశ్రాంతి యనగా సోమరితనమునకు మారుపేరని మనము నమ్మితిమి. ఆ నమ్మకము తప్పనియు, దాని మూల్యమును మన గుండెలు చెల్లించుచున్నవనియు చెప్పుటకే మేమిది వ్రాయుచున్నాము.

ఇతరులకు చెప్పుటకు పూర్వము మా సంగతి చెప్పుట న్యాయము. పత్రికాకార్యాలయమున రాత్రులు గడుపుట మాకు చిరకాలపు అలవాటు. కొంతకాలము క్రిందట మెడనొప్పియు, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువయు మమ్ము వేధింపగా ఒక వైద్యుని కడకు పోతిమి. ఆయన మా చేతికి పట్టీ చుట్టి రక్తపు పోటు కొలిచి, ఒక్క నిమిషము మావంక తేరిపార జూచి, "అయ్యా, భుజాలు కాస్త దించండి" అనెను. దించియే యున్నామని మేము బదులు చెప్పితిమి. ఆయన మారుమాటాడక తన రెండుచేతులు మా భుజములపై నుంచి మెల్లగా నొక్కెను. అవి రెండంగుళములు క్రిందికి దిగెను! మోయుటకు బరువేమియు లేకున్నను, ఎంతకాలమునుండి మేమట్లు భుజములెత్తుకొని తిరుగుచుంటిమో మాకే తెలియదు. ప్రతిదినము లోకమునకు హితవు చెప్పు మేము మా భుజములు ఎక్కడ నున్నవో యెరుగమని ఆనాడు తెలిసినది.

ఇది మా యొక్కరి వింత కాదు. శరీరధర్మమే యిట్టిది. పొలముగట్టున నడచిపోవు రైతుపైకి ఒక ఆబోతు రంకె వేయుచు వచ్చినదనుకొందము. అతడు ఆలోచించుటకు పూర్వమే అతని దేహము ఆలోచించును. మూత్రపిండములపై టోపీలవలె అమరియుండు అడ్రినల్ గ్రంథులు తమ రసమును రక్తమున విడుచును. గుండె వేగముగ కొట్టుకొనును, ఊపిరి త్వరపడును, కాలేయమునుండి చక్కెర రక్తములోనికి వచ్చును, జీర్ణకోశమునకు పోవలసిన రక్తము కాళ్లుచేతులకు మరలును, గాయమైనచో త్వరగా కట్టుటకై రక్తము గడ్డకట్టు గుణముకూడ హెచ్చును. పోరుటకో, పారుటకో దేహము క్షణములో సిద్ధమగును. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఈ మార్పులను ప్రయోగములచే పరిశీలించి 1915లో ఒక గ్రంథముగ ప్రకటించెను. ఇది రోగము కాదు; ప్రాణరక్షణకై ప్రకృతి యిచ్చిన కవచము. ఆబోతు తొలగిపోయిన పిమ్మట రైతు చెట్టునీడను కూర్చుండి మంచినీరు త్రాగును. కొంతసేపటికి గుండె నెమ్మదించును, ఆకలి మరల పుట్టును. ఈ నెమ్మదించుటయే ఆరోగ్యరహస్యము.

ఆబోతు తొలగిపోకున్న నేమగును? ఈ ప్రశ్నకు హాన్స్ సెల్యీ అను శాస్త్రజ్ఞుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఎలుకలపై ప్రయోగములు చేసి సమాధానము వెదకెను. చలి యైనను, అతిశ్రమ యైనను, విషద్రవ్యము లైనను, కారణమేదైనను ఆ ప్రాణుల దేహములలో ఒకేవిధమైన మార్పులు కనబడినవి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బెను. రోగముల నెదిరించు అవయవములు కృశించెను. కడుపులో పుండ్లు పుట్టెను. 1936లో 'నేచర్' పత్రికలో ఆయన ప్రకటించిన చిన్నలేఖ ఈ శాస్త్రమునకు నాంది యైనది. మొదట దేహము హెచ్చరిల్లును, పిదప ప్రతిఘటించును, తుదకు అలసి కూలును. ఇవి ఆయన చెప్పిన మూడు దశలు. వంతెనలు, ఇనుపదూలములు మోయు బరువును గూర్చి ఇంజనీర్లు వాడు "ఒత్తిడి" యను మాట మనుష్యులకు వ్యాపించినది ఆయనవలననే.

నేటి మన ఆబోతులకు కొమ్ములు లేవు. కోర్టు వాయిదా యొకటి, బాంకు నోటీసు ఒకటి, పత్తిధర ఒకటి, కుమారునికి పరీక్షలో వచ్చిన ర్యాంకు ఒకటి. పండ్రెండేండ్లుగా సాగు భూమితగాదాలో పోరుటకును వీలు లేదు, పారుటకును వీలు లేదు. అయినను దేహమునకు ఆ తారతమ్యము తెలియదు. వకీలుగారి పేరు ఫోనుపై కనబడినంతనే అదే గ్రంథి, అదే రసము, అదే గుండెదడ. పగలంతయు నిట్లు గడచిన పిమ్మట రాత్రి పండుకొని మరల ఫోను చేతబట్టుదుము. లోకములోని ఆబోతుల నన్నిటిని పడకగదికి పిలిచికొందుము. ఇట్టి స్థితి నెలలు, సంవత్సరములు సాగినచో నిద్ర చెడును. అజీర్ణము, తలనొప్పి, చిరాకు పుట్టును. రక్తపు పోటును, రక్తములోని చక్కెరయు అదుపు తప్పుటకు దోహదమగును. చితకును చింతకును భేదము ఒక్క సున్నయే యని మన పెద్దలు ఊరక అనలేదు.

అయిన నిచట రెండు హెచ్చరికలు చేయుట మా విధి. మొదటిది: ప్రతి జబ్బును చింతకే అంటగట్టరాదు. కడుపులోని పుండునకు మనోవ్యాకులతయే మూలమని వైద్యులుకూడ చాలకాలము నమ్మిరి. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను నిరువురు వైద్యులు అట్టి పుండ్లలో హెచ్చుభాగమునకు ఒక సూక్ష్మజీవి కారణమని కనిపెట్టిరి. లోకము నమ్మకపోగా మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులను తానే త్రాగి రోగము తెచ్చుకొని చూపెను! 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది. కాబట్టి, బాధ కలిగినపుడు ముందు వైద్యపరీక్ష, పిదపనే వేదాంతము.

రెండవది: ఒత్తిడి పేరు చెప్పి వ్యాపారము చేయువారు కలరు. ఇంతటి శాస్త్రమునకు ఆద్యుడైన సెల్యీయే సిగరెట్టు కంపెనీలవద్ద ధనము పుచ్చుకొని, 1969లో కెనడా పార్లమెంటు సంఘము నెదుట ధూమపానమునకు అనుకూలముగ పలికెను! పొగ త్రాగినచో మనస్సు నెమ్మదించునను భ్రమకు ఇట్టి మాటలే బలము. నిజమునకు పొగాకులోని నికొటీను గుండెవేగమును, రక్తపు పోటును హెచ్చించును. త్రాగినవెంటనే తోచు శాంతి, ఆ పొగాకే పుట్టించిన ఆరాటము క్షణకాలము తీరుట మాత్రమే. మద్యముకూడ నిట్టిదే. అది త్వరగా నిద్ర తెచ్చును గాని, రాత్రి రెండవభాగమున ఆ నిద్రను చెడగొట్టును. సాయంకాలము గ్లాసుతో చింతలను ముంచువాడు, అవి ఈతనేర్చినవని తెల్లవారుజామున గ్రహించును.

ఇక నిజమైన విశ్రాంతి యెట్టిది? ఊరక పడియుండుట విశ్రాంతి కాదు. పడకకుర్చీలో వాలి పత్రిక చదువువాని దవడలు బిగిసియుండవచ్చును. చికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ అను వైద్యుడు సున్నితమైన విద్యుత్సాధనములతో కండరములను పరీక్షించి, చేయి కదలింపకయే దానిని వంచుచున్నట్లు తలచుకొన్నను ఆ చేతికండరములో చలనము పుట్టునని చూపెను. మనస్సులో వ్యాజ్యము నడచుచుండగా దేహము వాదించుచునే యుండునన్నమాట. అందువలన నాయన మార్గమును తలక్రిందు చేసెను. మనస్సును శాంతపరచుము, దేహము దానంతట శాంతించునని అందరు చెప్పుచుండగా, ఒక్కొక్క కండరమును బిగించి, ఆ బిగువును గుర్తించి, పిదప వదలుట నేర్చికొనుము, మనస్సు వెంటవచ్చునని ఆయన బోధించెను. ఈ పద్ధతిని వివరించు నాయన గ్రంథము 1929లో వెలువడినది.

ఈ మాట మనకు పూర్తిగా క్రొత్తది కాదు. పదునైదవ శతాబ్దపుదని తలంపబడు హఠయోగప్రదీపికలో శవాసనము పేర్కొనబడినది. వెల్లకిల పండుకొని శవమువలె నిశ్చలముగ నుండుట అలసటను పోగొట్టి చిత్తమునకు విశ్రాంతి నిచ్చునని దాని తాత్పర్యము. కాని ప్రాచీనమైనది కనుక సత్యమని మేము వాదింపము. పరీక్షకు నిలిచినందున దానిని గౌరవింతుము. 1924లో లోనావ్లాయందు కైవల్యధామమును స్థాపించిన స్వామి కువలయానందుడు యోగమును ప్రయోగశాలకు తెచ్చెను. 1969లో బొంబాయి వైద్యుడు దాతేయు, ఆయన సహచరులును రక్తపు పోటు గల 47 మంది రోగులచే శవాసనము అభ్యసింపజేసి ఫలితములు ప్రకటించిరి. పలువురికి పోటు తగ్గినది. కొందరికి మందుల మోతాదు తగ్గింపగలిగిరి. అందరికి మాత్రము సమానముగ ఫలింపలేదు.

1975లో ఇంగ్లండునందు వైద్యవృత్తి సాగించుచుండిన చంద్ర పటేల్ అను వైద్యురాలు 34 మంది రోగులను రెండు జట్లుగ విభజించి పరీక్షించెను. యోగవిశ్రాంతి నేర్చినవారి సగటు పోటు ఆరు వారములలో 168/100 నుండి 141/84కు దిగెను. సామాన్య విశ్రాంతి తీసికొనినవారికి 169/101 నుండి 160/96కు మాత్రమే దిగెను. తరువాతి కాలమున అనేక పరిశోధనలను కలిపి లెక్కించినవారు ప్రయోజనము ఇంతకంటె స్వల్పమని తేల్చిరి. స్వల్పమైనను, ఖర్చులేనిది, హాని లేనిది. ఆ 1975లోనే హార్వర్డునందలి హెర్బర్ట్ బెన్సన్ ధ్యానమువలన ప్రాణవాయువు ఖర్చు తగ్గి, కానన్ వర్ణించిన సంక్షోభమునకు సరిగా విపరీతమైన స్థితి దేహమున కలుగునని వ్రాసెను. 2001లో ఇటలీ శాస్త్రజ్ఞులు 23 మందిచే క్రైస్తవుల జపమాలప్రార్థనను, బౌద్ధమంత్రమును చెప్పించి చూచిరి. రెండింటను శ్వాస నిమిషమునకు సుమారు ఆరుసార్లకు దిగి, గుండెలయ కుదుటబడెను. మతములు వేరైనను ఊపిరి యొక్కటే!

అభ్యాసమునకు గుహ యక్కరలేదు, గురుదక్షిణయు నక్కరలేదు. సాయంకాలభోజనమునకు ముందో, నిద్రకు ముందో ఇరువది నిమిషములు చాలును. ఫోనును వేరొక గదిలో నుంచవలెను. నేలపై చాప పరచుకొని వెల్లకిల పండుకొని, పాదములు కొంచెము ఎడముగను, అరచేతులు పైకి తిరిగియుండునట్లును ఉంచవలెను. కుడి పిడికిలిని ఐదు లెక్కించునంతవరకు బిగించి, ఒక్కసారిగ వదలి, ఆ భేదమును గమనింపవలెను. పిమ్మట ఎడమ పిడికిలి, భుజములు, నొసలు, దవడలు, పొట్ట, తొడలు, పాదములు వరుసగ నట్లే చేయవలెను. తరువాత ఊపిరిని బలవంతపెట్టక, పీల్చుటకంటె విడుచుట కొంచెము దీర్ఘముగ నుండునట్లు సాగనీయవలెను. ఊపిరి విడుచునపుడు గుండెవేగము కొంచెము తగ్గుట ప్రకృతిధర్మము. అందుచేతనే ఈ నియమము. విడుచునపుడెల్ల ఇష్టమైన నామము గాని, ఒక అంకె గాని మనస్సులో పలుకవచ్చును. ఆలోచనలు వచ్చును, వానితో తగవు పెట్టుకొనక, ఇంటికి వచ్చిన పొరుగువాని పంపినట్లు మర్యాదగ పంపి, మరల ఊపిరివద్దకు రావలెను. పండుకొనజాలనివారు కుర్చీలో కూర్చుండి చేయవచ్చును. మొదటివారము దురద, ఆవులింత, నిద్ర తప్ప మరేమియు కనబడకపోవచ్చును. మాకును అట్లే జరిగినది. నెల గడచినపిదప పగటివేళ పనిలో నుండగా మా భుజములు లేచుట మాకే తెలియజొచ్చెను. తెలిసినపుడు దించితిమి. మేము పొందిన సిద్ధి యింతే. ఇది చిన్నది కాదు.

కార్యభారము గలవారికి ఇవన్నియు సాధ్యమా యని కొందరడుగుదురు. గాంధీమహాత్మునికంటె కార్యభారము వహించినవా రెవ్వరు? ఆయన ప్రతి సోమవారము మౌనము పాటించెడివారు. పనిఒత్తిడినుండి ఉపశమనమునకై మొదలుపెట్టిన ఆ నియమము తరువాత ఆధ్యాత్మికసాధన యైనదని ఆయనయే తెలిపియున్నారు. 1947 జూన్ 2వ తేదీ సోమవారము. దేశవిభజన ప్రణాళికను గూర్చి వైస్రాయి మౌంట్‌బాటెన్ ఆయనతో మాటలాడిన దినమది. అంతటి సంక్షోభమునను గాంధీజీ మౌనము విడువక, వాడిన కవరుల వెనుకవైపున తన సమాధానమును వ్రాసి యిచ్చిరి. మరియొక నిజమునుకూడ దాచరాదు. ఆయన రక్తపు పోటు 1937లో 194/130 గను, 1940లో 220/110 గను నమోదైనది. మౌనము ఆ పోటును తుడిచివేయలేదు. ఆనాడు మంచి మందులు లేవు, నేడు కలవు. విశ్రాంతి నభ్యసించువారు వైద్యుని యనుమతి లేక ఒక్క మాత్రయు మానరాదు. ఎదలో నొప్పి వచ్చినపుడు చాప పరచుకొనరాదు, ఆసుపత్రికి పోవలెను. విశ్రాంతి మందునకు తోడు, మారు కాదు.

ఇంతవరకు చెప్పినది మన దేహమును గూర్చి. తుదిమాట యింకొకటి కలదు, అది మన పాఠకులలో కొందరికి రుచింపకపోవచ్చును. లండనునందు 1967లో సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులను పరీక్షించి, పిదప చాలకాలము వారి ఆరోగ్యమును గమనించుచు వచ్చిరి. బాధ్యతలు మోయు పై అధికారులే గుండెజబ్బుతో హెచ్చుగ చనిపోవుదురని లోకుల తలంపు. ఫలితము తద్విరుద్ధముగ నున్నది. పై తరగతివారికంటె బంట్రోతులు మొదలైన అట్టడుగువారిలో గుండెజబ్బు మరణములు సుమారు మూడురెట్లు! ధూమపానాదులను లెక్కవేసినను ఆ భేదము పూర్తిగ సమసిపోలేదు. 1985లో మొదలైన రెండవ పరిశోధన, తన పనిపై తనకు అధికారము లేనివానికి గుండెజబ్బు హెచ్చని తేల్చెను. పని మోతకంటె, ఆ పనిలో తనమాట చెల్లకుండుటయే మనుష్యుని హెచ్చుగ నలుచును.

ఈ సత్యమును మన యూళ్లకు తెచ్చుకొందము. పంట పోయిన సంవత్సరము కౌలు పూర్తిగా చెల్లింపవలసినదేయని పట్టుబట్టి, ఆ కౌలుదారునకు శవాసనము బోధించిన నేమి ప్రయోజనము? అప్పులపాలై ప్రాణములు తీసికొనిన కౌలురైతుల కుటుంబములు కోస్తాలోను, సీమలోను, తెలంగాణమునను కలవు. వారికి కావలసినది ఊపిరి పీల్చు విధానము కాదు, ఊపిరి సలుపుకొను సందు. దుకాణములో పనిచేయు కుర్రవానికి వారమున కొకదినము సెలవు, ఎండకాలమున కూలీకి మధ్యాహ్నపు నీడ, గుమాస్తాకు రాత్రి పదిగంటలకు ఫోను మ్రోగదను ధైర్యము, కౌలుదారునకు వ్రాతపూర్వకమైన యొప్పందము: ఇవియు ఆరోగ్యశాస్త్రములోని ప్రకరణములే. తాను చాపపై పండుకొని శాంతి వెదకుచు, తన గుమ్మమువద్ద పదిమందిని భయముతో నిలువబెట్టువాడు విశ్రాంతివిద్యలో సగమే నేర్చినవాడు.

ఈ పత్రికను మడిచి ప్రక్కన నుంచిన పిమ్మట పాఠకులు తమ భుజములు ఎక్కడ నున్నవో యొకసారి చూచుకొందురు గాక. ఎత్తుగ నున్నచో మెల్లగ దింపుదురు గాక. మరునాటి యుదయమున పొలమునకో, దుకాణమునకో, కార్యాలయమునకో పోయినపుడు, తమ్ము చూచినంతనే ఎవరి భుజములు పైకి లేచుచున్నవో అదియు గమనింతురు గాక. వానిని దింపుటకూడ మనచేతిలోనే యున్నది.